అరంగేట్రం అయ్యాక ఆఫ్రో-క్యూబన్ డ్రమ్ములా?

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయికి 17 ఏళ్లు, పన్నెండో గ్రేడ్. ఇక్కడే పుట్టింది. పదకొండేళ్లు కూచిపూడి నేర్చుకుంది, అరంగేట్రం ఘనంగా చేశాం. రెండేళ్లుగా శనివారాలు ఓక్లాండ్ వెళ్లి హైతీ డ్యాన్సు, ఆఫ్రో-క్యూబన్ డ్యాన్సు, కాంగా డ్రమ్ములు నేర్చుకుంటోంది. ఇప్పుడు అదే వృత్తి అంటోంది. క్యూబా, బ్రెజిల్ వెళ్లి నేర్చుకుని ఇక్కడ టీచర్‌గా, పెర్ఫార్మర్‌గా బతుకుతుందట. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి వినరు. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) డ్యాన్స్ మంచిదా, సీఎస్ చేస్తూ డ్యాన్స్ మైనర్ మంచిదా? పోల్చి చెప్పండి. ఆ డ్యాన్సుల్లో దేవుళ్లు పూనడాలు అవీ ఉంటాయట. ఆ వాతావరణం అంటే భయంగా ఉంది. మనవాళ్లు ఏమనుకుంటారో అని కూడా.
ఒక తల్లి, కాలిఫోర్నియా

జవాబు:

అమ్మా, పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. కానీ మీ ఉత్తరంలో చదువు గురించి ఉన్నది ఒక్క ముక్కే, మిగతాదంతా భయం. దాన్ని అలాగే పెట్టుకుని పోలిక చదివితే సీఎస్ వైపు లైన్లే మీ కళ్లకు ఆనతాయి. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

ఇక్కడ మీ సొంతూరు ఏదో రాయలేదు గానీ, తెలుగువాళ్లకు పూనకం కొత్తేమీ కాదు. ఆషాఢంలో బోనాలకు శివసత్తులు ఊగుతుంటే పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టుకుంటాం. జాతరలో డప్పు దరువు మారితే పూనినామె అడుగు కూడా మారుతుంది. క్యూబాలో లుకుమీ, బ్రెజిల్‌లోని బాహియాలో కాండొంబ్లే, హైతీలో వోడూ అనే మతాలు ఈ కోవవే. పశ్చిమ ఆఫ్రికా నుంచి, కాంగో వైపు నుంచి ఓడల్లో కుక్కి తెచ్చి అమ్మేసిన మనుషులు తమ వెంట తెచ్చుకుని కాపాడుకున్న దేవతలే అక్కడ పూనేది. ఒక్కో దేవతకు ఒక్కో దరువు, ఆ దరువుకో అడుగు, దానికో పాట. క్యూబాలో అందరికన్నా ముందు మొక్కు ఎలెగ్వాకి, దారులు తెరిచేవాడు కనుక. మనింట్లో ముందు వినాయకుడికి పెడతామే, అలాగన్నమాట.

మీ అమ్మాయి శనివారాలు వెళ్తున్నది క్లాసుకు, పూజకు కాదు. సముద్రపు తల్లి యెమయా అడుగు నేర్పేటప్పుడు పావడా అంచులు పట్టుకుని అలలా ఎలా తిప్పాలి, వెన్ను ఎక్కడి నుంచి కదలాలి, పాట ఎక్కడ అందుకోవాలి, ఇవే నేర్పుతారు. దీక్ష ఉన్నవాళ్లు చేసేవి వేరే చోట, వేరే డ్రమ్ముల మీద జరుగుతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. చేరిన కొత్తలోనే దీక్ష తీసుకో, దానికి ఇంత ఖర్చవుతుంది అనే గురువు ఎవరైనా తగిలితే ఆ క్లాసు మానేయమనండి. నిజంగా దీక్షలిచ్చే ఇళ్లలో తొందరపెట్టరు.

ఇక "ఆ వాతావరణం" అన్న మాట. కోపం తెచ్చుకోకండి గానీ, ఆ మాట కింద దాచింది నల్లవాళ్లు అన్న మాటే. రాయలేదు, అయినా కనిపిస్తూనే ఉంది. డప్పును మన ఊళ్లలో ఎవరి చేతికిచ్చామో, వాళ్ల ఇళ్లు ఊరికి ఏ దిక్కున ఉంచామో మీకు తెలియంది కాదు. అక్కడా అదే కథ. ట్రినిడాడ్‌లో 1884లో ప్రభుత్వం డ్రమ్ములే నిషేధిస్తే జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి దరువు నిలబెట్టుకున్నారు. బాహియాలో కాండొంబ్లే ఇళ్లు పండగ చేసుకోవాలంటే 1976 దాకా పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. ఇంత అణచివేతను తట్టుకుని నిలిచిన విద్య మీ పిల్లకు దొరికింది. పాడైపోతుందని మీరు భయపడుతున్నది ఎక్కడో నాకు అర్థం కాలేదు. మనవాళ్లు ఏమనుకుంటారో అన్నారు. వందేళ్ల కిందట కూచిపూడి ఊళ్లో ఆడపిల్లకు గజ్జె కట్టేవాళ్లు కాదు, సత్యభామ వేషం కూడా మగవాళ్లదే. ఆడపిల్లలకు నేర్పడం మొదలైనప్పుడూ అనుకునేవాళ్లు ఏదో ఒకటి అనుకునే ఉంటారు.

సరే, వృత్తి విషయానికి వద్దాం. ఇందులో బతుకు స్టేజీ మీద లేదు. కార్నివాల్, ఫెస్టివల్, పెళ్లి పార్టీల డబ్బు పండగ డబ్బు లాంటిది, వచ్చినప్పుడే వస్తుంది. నెలనెలా వచ్చేది నేర్పితేనే, లేదా ఇంకొకరు నేర్పుతుంటే డ్రమ్ము వాయిస్తేనే. క్లాసు లెక్క ఒకటి వేసి చూపిస్తాను, అంకెలు ఊరిని బట్టి మారతాయి. మనిషికి 20 డాలర్లు, 20 మంది వచ్చారు. 400. హాలు రెండు గంటలకు 80. ఈ డ్యాన్సుకు స్పీకర్లో పాట పెడితే కుదరదు, ముగ్గురు డ్రమ్మర్లు కావాలి, తలకు 50 చొప్పున 150. టీచరుకు మిగిలింది 170. ఇందులోనే ఇన్సూరెన్స్, ప్రయాణం, పన్ను. వాన పడ్డ మంగళవారం తొమ్మిది మందే వచ్చారనుకోండి. వచ్చింది 180, ఖర్చు 230. టీచరు చేతి నుంచి 50 పోయింది. ఆ రాత్రి డ్రమ్మర్లకు "వచ్చే వారం ఇస్తా" అన్న టీచరు దగ్గర మంచి డ్రమ్మర్లు నిలవరు, వాళ్లు పోతే క్లాసు కూడా నిలవదు. చాలామంది నృత్యం రాక కాదు, ఈ లెక్క రాక రెండేళ్లకే చేతులెత్తేస్తారు.

కాబట్టి మీ అమ్మాయి కాంగా కూడా పట్టుకుందన్న సంగతి మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. డ్యాన్సు నేర్పడం, డ్యాన్సు క్లాసుకు వాయించడం రెండూ వచ్చిన మనిషికి పని దొరికే చోట్లు రెట్టింపు. కాలేజీ డ్యాన్స్ డిపార్ట్‌మెంట్లు క్లాసుకు వాయించేవాళ్లను గంటల లెక్కన పెట్టుకుంటాయి. దాన్ని చిన్న పని అనుకోవద్దు, చాలామందికి అద్దె కట్టేది అదే.

ఒక అడ్డంకి మాత్రం ముందే తెలిసి ఉండాలి. క్యూబా బాతా డ్రమ్ములు మూడు: ఇయా, ఇతోతెలె, ఒకోంకోలో. నడుము సన్నగా, రెండు పక్కలా తోలుతో ఉంటాయి. మృదంగంలా ఒళ్లో అడ్డంగా పెట్టుకుని రెండు చేతులా వాయిస్తారు. మృదంగానికి నల్ల ముద్ద ఉన్నట్టే ఇయా పెద్ద మొహానికి ఫర్దేలా అనే జిగురు ముద్ద పెడతారు. పూజచేసి ప్రాణం పోసిన బాతాలను దీక్ష ఉన్న మగవాళ్లే ముట్టాలి, అది వాళ్ల సంప్రదాయం. ప్రాణప్రతిష్ఠ లేని జతను అబెరికులా అంటారు, దాని మీద ఆడవాళ్లు నేర్చుకుంటారు, నేర్పుతారు, కచేరీలూ చేస్తారు. ఏ డ్రమ్ము ఏ రకమో అడగకుండా చెయ్యి వేస్తే ఒక్కరోజులో పేరు పోతుంది. అదే బాహియా వెళ్తే సాల్వదోర్ నగరంలో 1993లో పుట్టిన దీదా బృందంలో వాయించేది అంతా ఆడవాళ్లే. సాంబా-రెగ్గే దరువుకు వాడే సూర్దో అనే పెద్ద డ్రమ్ములు నడుముకు కట్టుకుని వీధుల్లో వాయిస్తూ నడుస్తారు. దీదాను పెట్టిన నెగిన్యో దో సాంబా అంతకుముందు ఓలోదుం బృందానికి దరువులు కట్టినాయన. 1996లో మైకేల్ జాక్సన్ వెనక వాయించింది ఆ ఓలోదుం వాళ్లే.

కూచిపూడి వృథా అయిందని మీకు బెంగ ఉండొచ్చు. కాలేదు. అయితే సాయం చేసినంతగా అడ్డం కూడా పడుతుంది. తాళం మీద పట్టు, గంటన్నర ఆగకుండా ఆడే ఊపిరి, గురువు చూపును బట్టి సరిదిద్దుకునే అలవాటు, ఇవి పదకొండేళ్ల ఆస్తి. అడ్డం పడేది మూడు చోట్ల. ఒకటి, వెన్ను. అరమండిలో నిటారుగా నిలబెట్టి పెంచిన వెన్ను హైతీలో యాన్వలూ అనే డ్యాన్సులో పాములా, అలలా కదలాలి. మోకాళ్లు పక్కలకు కాదు, ముందుకు వంగాలి. రెండు, పాదం. తట్టడుగు అలవాటైన పాదం ప్రతిసారీ నేలను గట్టిగా కొడుతుంది. సాంబాలో అలా కొడితే వేగం అందదు, సిమెంటు నేల మీదైతే పిక్క ఎముక ముందు భాగం నొప్పెడుతుంది. చెక్క నేల, దాని కింద ఖాళీ ఉన్న హాలు కాకపోతే వారానికి రెండు క్లాసులకు మించనివ్వకండి.

మూడోది చెవి. ఇదే అన్నిటికన్నా కష్టం. ఆది తాళం ఎనిమిది అక్షరాలను రెండేసి చేస్తే 16. క్యూబా రుంబా డ్యాన్సుకు తాళం లాంటి రుంబా క్లావే అంటే ఆ 16లో 1, 4, 8, 11, 13 మీద పడే ఐదు దెబ్బలు. సోన్ అనే ఇంకో క్యూబా బాణీకి వాడే సోన్ క్లావేలో మూడో దెబ్బ 8 మీద కాకుండా 7 మీద పడుతుంది, తేడా అంతే. ఆ ఒక్క గింజంత తేడా పట్టుకోలేనివాళ్లు రుంబాలో ఒక రకమైన గువాగువాంకో వాయిస్తుంటే పక్కవాళ్లు మర్యాదకు నవ్వుతారు, మళ్లీ పిలవరు. తాళం వేస్తూ పెరిగిన పిల్ల ప్రతి ముక్తాయింపునూ తెచ్చి సమం మీద దించుతుంది. అక్కడ సమానికి అంత రాజరికం లేదు. రియో సాంబాలో అన్నిటికన్నా పెద్ద సూర్దో బరువు దెబ్బ రెండో బీటు మీద పడుతుంది. ఒకటి మీద చెయ్యి పడి పెరిగిన చెవికి మొదట్లో అంతా తలకిందులుగా వినిపిస్తుంది. పోర్టోరికోలో బొంబా అనే డ్యాన్సులో ఇంకో తిరకాసు. మనకు నట్టువాంగం జతి పలికితే పాదం దాన్ని అనుసరిస్తుంది. బొంబాలో ఆడేమనిషి భుజం విదిలిస్తే, పావడా కొడితే, ప్రీమో డ్రమ్ము ఆ కదలికను పట్టుకుని మోగాలి. అంటే అక్కడ నాట్యమే నడిపిస్తుంది, డ్రమ్ము వెంటపడుతుంది.

ఇప్పుడు నాకు అనుమానం ఉన్న దారి గురించి. పిల్లలకు ఈ మధ్య బాగా నచ్చుతున్న దారి ఇది. రెండు వారాలు హవానా, రెండు వారాలు సాల్వదోర్, వారాంతపు డ్రమ్ సర్కిల్ సర్టిఫికెట్ ఒకటి, తిరిగొచ్చి కంపెనీల్లో వెల్‌నెస్ సెషన్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో కూచిపూడి-సాంబా ఫ్యూజన్. మీ అమ్మాయి చెప్పిన "క్యూబా, బ్రెజిల్ వెళ్లి నేర్చుకుని" అన్న మాటలో ఇదే వినిపిస్తోంది. డ్రమ్ సర్కిల్ నడపడం చెడ్డపనేం కాదు. ముప్పై మంది ఉద్యోగుల చేతికి డ్రమ్ములిచ్చి గంటసేపు సరదాగా ఉంచడం ఒక నేర్పే. కానీ ఆ సర్టిఫికెట్‌తో రుంబా రాదు, బాతా రాదు, వచ్చిందన్న భ్రమ మాత్రం వస్తుంది. రెండు వారాల యాత్రలో నేర్చుకున్న యెమయా అడుగును నాలుగో నెలలో డబ్బు తీసుకుని నేర్పడం మొదలుపెడితే, ఆ ఊళ్లో నలభై ఏళ్లుగా అదే అడుగు నేర్పుతున్న పెద్దమనిషి క్లాసుకు గండి కొట్టినట్టే. ఫ్యూజన్ మాటకొస్తే, రెండిట్లో ఒకటైనా లోతుగా వచ్చినవాళ్లు చేయాల్సిన పని అది. మీ అమ్మాయికి కూచిపూడి ఆ మాత్రం వచ్చేమో, రెండోది ఇంకా రాలేదు. ఇంకోటి కూడా చూడాలి. అమెరికా పౌరులు క్యూబాకు ఊరికే టూరిస్టులుగా వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు, అనుమతి ఉన్న 12 కేటగిరీల్లో ఏదో ఒకదాని కింద వెళ్లి ఆ కాగితాలు దాచుకోవాలి. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఆ మాట చిన్న అక్షరాల్లో వేస్తారు.

మూడు దేశాలూ ఒకేసారి వద్దు. మొదటి ఐదేళ్లు ఒక్కటే వేరు పట్టుకోమనండి, దాని భాషతో సహా. క్యూబా అంటే స్పానిష్, బాహియా అంటే పోర్చుగీసు, హైతీ అంటే క్రియోల్. భాష రానివాళ్లకు పాట బట్టీయే మిగులుతుంది. కలిపి నేర్చుకున్నవాళ్లు ఎక్కడ దొరికిపోతారో చెప్తాను. కాండొంబ్లేలో నడిపించేది అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము, హుమ్. బాతాల్లోనూ పెద్దదే, ఇయా. రుంబాకు వస్తే అన్నిటికన్నా చిన్నదైన కింతో. ఎవరు నడిపిస్తున్నారో తెలియని టీచరు తప్పు డ్రమ్మరు వైపు తిరిగి సైగ చేస్తుంది, వెనకున్న పాతిక మందీ ఆ తప్పే నేర్చుకుంటారు.

మీరడిగిన పోలిక ఇక చిన్నదే. బీఎఫ్ఏ అంటే రోజంతా స్టూడియో. చాలా కాలేజీల్లో ఆ గంటలు బ్యాలే, మోడర్న్‌కు పోతాయి, మీ అమ్మాయి కోరుకున్నది ఒకటీ రెండూ ఎలెక్టివ్‌లుగా మిగులుతుంది. బ్రోషర్లో ఫొటో చూసి మురిసిపోకండి. టైంటేబుల్ తెప్పించుకుని మూడు అడగండి: ఈ నృత్యం వారానికి ఎన్ని గంటలు, డ్రమ్మర్లు నిజంగా కూర్చుని వాయిస్తారా, నేర్పేవాళ్లు పర్మనెంటా లేక సెమిస్టర్ సెమిస్టర్‌కీ మారతారా. న్యూయార్క్‌లో ఏలీ డ్యాన్స్ స్కూలు, ఫోర్డమ్ యూనివర్సిటీ కలిసి ఇచ్చే బీఎఫ్ఏలో డన్హమ్ టెక్నిక్ ఉంటుంది. కేథరిన్ డన్హమ్ షికాగోలో ఆంత్రోపాలజీ చదివి, 1935లో కరీబియన్ దీవులకు వెళ్లి, హైతీలో చూసినదాన్ని ఒక శిక్షణ పద్ధతిగా మలిచినావిడ. ఆ టెక్నిక్‌లో టీచర్ సర్టిఫికేషన్ ఉంది, వారాంతంలో చేతికొచ్చే బాపతు కాదు. బ్రెజిల్‌లో బాహియా ఫెడరల్ యూనివర్సిటీ డ్యాన్స్ స్కూలు 1956 నుంచి ఉంది. అక్కడి ఫెడరల్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, కాకపోతే చదువంతా పోర్చుగీసులో.

సీఎస్ పక్కన మైనర్ మంచి ఏర్పాటే, పిల్లకు సీఎస్ ఇష్టమైతే. ఇష్టం లేకుండా చేయిస్తే రెండో ఏడాదిలో ముందు జారిపోయేది శనివారం క్లాసు, ఆ వెనకే మార్కులు. మీవారు ఒప్పుకునే డిగ్రీ, పిల్ల కోరుకునే బతుకు రెండూ కలిసే చోటు ఇంకోటి ఉంది: స్కూలు టీచరు. కాలిఫోర్నియాలో డ్యాన్సుకు విడిగా టీచింగ్ క్రెడెన్షియల్ (స్కూల్లో పాఠం చెప్పడానికి ఇచ్చే లైసెన్సు) తెచ్చే చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు డ్యాన్స్ టీచర్లు పీఈటీ క్రెడెన్షియల్ తీసుకోవాల్సి వచ్చేది. 2022లో ఓటర్లు నెగ్గించిన ప్రపోజిషన్ 28తో స్కూళ్లలో కళలకు ఏటా విడిగా డబ్బు వస్తోంది. 500 మంది, అంతకుమించి పిల్లలున్న డిస్ట్రిక్టులు అందులో కనీసం 80 శాతం మనుషులను పెట్టుకోవడానికే ఖర్చు చేయాలి. డిగ్రీ, ఆపైన క్రెడెన్షియల్ ప్రోగ్రామ్, ఇదీ దారి. జీతం, ఇన్సూరెన్స్, పెన్షన్ ఉంటాయి, సాయంత్రాలు తన క్లాసు తను నడుపుకోవచ్చు. డిగ్రీ వెంటనే వద్దంటే, మూడేళ్ల (3,000 గంటల) వృత్తి అనుభవం మీద ఇచ్చే సీటీఈ (వృత్తివిద్య) క్రెడెన్షియల్ కూడా ఉంది. అందుకే ఇవాళ్టి నుంచే చేసిన ప్రతి పనికీ తేదీ, గంటలు, ఇచ్చినవాళ్ల సంతకం దాచిపెట్టమనండి.

ఇన్సూరెన్స్ గురించి రాత్రిళ్లు మేలుకోకండి, 26 ఏళ్లు నిండేదాకా మీ ప్లాన్ మీదే ఉండొచ్చు. ఫ్రీలాన్స్ సంపాదనకు మామూలు ఆదాయపు పన్ను కాకుండా 15.3 శాతం సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఉంటుందని ఇప్పుడే చెప్పండి, మొదటి ఏప్రిల్‌లో ఏడవకుండా. మీ పాప అక్కడే పుట్టింది గనుక ఇంత ధైర్యంగా చెప్తున్నాను. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది చదివి ఊరట పడిపోవద్దు. 21 దాటితే ఆ హోదా పోతుంది, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఇలా ఫ్రీలాన్స్ క్లాసులు చెప్పుకోవడం కుదరదు. వాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవాలి.

నిర్ణయం ఈ నెలలోనే తీసుకోనక్కర్లేదు. అప్లికేషన్లు రెండు రకాలవీ వేయండి, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే దారీ ఉంచుకోండి. ఈలోగా పిల్లకు ఒక పరీక్ష పెట్టండి. బాతాల్లో ఒకోంకోలో అన్నాను కదా, అన్నిటికన్నా చిన్నది అది. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చేది అదే. ఇయా మాట్లాడుతుంటుంది, ఇతోతెలె బదులు చెబుతుంటుంది, ఒకోంకోలో మాత్రం చాలా దరువుల్లో ఒక చిన్న ముక్కనే పట్టుకుని కూర్చుంటుంది. ఎవరూ చప్పట్లు కొట్టరు. వేగం పెరిగినా, పక్కవాడు తప్పినా అది కదలకూడదు. ఏడాదిపాటు ఆ చిన్న డ్రమ్ము, లేదా కాంగాల్లో అలాంటి కింది భాగం, విసుగు లేకుండా వాయించిందంటే ఈ పిల్లను వెనక్కు లాగడం మీ తరం కాదు, లాగొద్దు కూడా. నాలుగో నెలలో "నాకు సోలో ఎప్పుడిస్తారు" అంటే అది సరదా, సరదాగానే ఉంచుకోవచ్చు, తప్పేం లేదు. ఆ ఏడాది చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. 100 డెసిబెల్స్ మోతలో 15 నిమిషాలు దాటితే చెవికి దెబ్బే, సాంబా బృందం మధ్యలో నిలబడితే అంత మోత మామూలు. గురువు ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి అలయన్స్ ఫర్ కాలిఫోర్నియా ట్రెడిషనల్ ఆర్ట్స్ ఇస్తూ వచ్చిన గురుశిష్య గ్రాంటు ఇప్పుడు ఉందేమో చూసి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక మీరు చేయాల్సింది. రెండేళ్లుగా దింపి వస్తున్నారే గానీ లోపలికి వెళ్లినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ శనివారం మీవారిని కూడా తీసుకెళ్లండి. టీచరును అడిగి గోడ పక్కన కూర్చోండి, ఫోన్ తీసి వీడియో పట్టకండి. క్లాసు చివర పిల్లలు వరసగా డ్రమ్మర్ల ముందుకు వెళ్లి, వంగి నేలను తాకి, ఆ చేయి గుండెకు ఆనించుకుంటారు. కూచిపూడి క్లాసు చివర భూమికి చేసే నమస్కారం పదకొండేళ్లు చూశారు కనుక మీకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. బయటికొచ్చేటప్పుడు డ్రమ్మర్ల ముందు టోపీయో బుట్టో ఉంటే అందులో ఇరవై వేయండి. కారెక్కాక మీవారు తప్పకుండా లెక్కలు అడుగుతారు. 20 మంది వచ్చిన రోజు లెక్క, తొమ్మిది మంది వచ్చిన రోజు లెక్క రెండూ పైన రాశాను, చూపించండి. ఆ రోజు క్లాసుకు ఎంతమంది వచ్చారో ఆయన్నే లెక్కపెట్టమనండి.